తిరుపతిలో లేజర్‌తో సైటు తీయించుకోవడం: కార్నియా బలం లెక్కన ఏ పద్ధతికి ఎన్ని మార్కులు

సైటు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను తిరుపతిలో ఎవరిని అడిగినా దాదాపు రెండే మాటలు చెబుతారు. నొప్పి లేదు, మర్నాడే చూపు వచ్చేసింది. లాసిక్, స్మైల్ అనే లేజర్ పద్ధతుల వరకూ ఆ రెండు మాటలూ నిజమే. కానీ మర్నాటి చూపును బట్టి ఈ సేవకు మార్కులు వేస్తే ఆ రెంటికీ పదికి పదే పడతాయి. ఏ మిషన్ మీద చేసినా, తగిన కంటికి చేస్తే మర్నాడు బాగానే కనబడుతుంది. అసలు తేడా రెండేళ్లకో ఐదేళ్లకో తెలుస్తుంది. లేజర్ వల్ల పలచబడిన కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) కంటి లోపలి ఒత్తిడిని తట్టుకుని అదే ఆకారంలో నిలబడిందా, మెల్లగా ముందుకు ఉబ్బడం మొదలుపెట్టిందా అన్నది అప్పుడు బయటపడుతుంది. అందుకే ఈ రివ్యూలో కొలబద్ద ఒక్కటే పెట్టుకున్నాం. ఆపరేషన్ తర్వాత కార్నియాకు ఎంత బలం మిగులుతుంది, ఆ సంగతి ముందే లెక్కగట్టి చెప్పే పని ఎంత శ్రద్ధగా జరుగుతోంది అన్నవే చూస్తాం. ఆస్పత్రుల పేర్లు తీయడం లేదు. ఏ ఆస్పత్రికి వెళ్లినా ఈ లెక్క అడిగి తీసుకోవచ్చు.

ముందు కార్నియా గురించి నాలుగు మాటలు. నల్లగుడ్డు ముందు గాజులా కనిపించే పొర ఇది. మధ్యలో దీని మందం సగటున 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. మన దగ్గర స్కాన్లలో 500 నుంచి 530 మధ్య రావడం మామూలే. ఇందులో పైన 50 మైక్రాన్లు ఎపిథీలియం, చర్మంలా రాలిపోయి మళ్లీ పెరిగే పొర. బలం లెక్కలో దానికి పెద్ద వాటా లేదు. దాని కింద సన్నటి బోమన్ పొర, ఆ తర్వాత మొత్తం మందంలో 90 శాతం దాకా ఉండే స్ట్రోమా. బరువు మోసేది ఇదే. కొల్లాజెన్ పోగుల పలకలు వందలకొద్దీ ఇందులో ఒకదానిమీద ఒకటి ఉంటాయి. ముందువైపు అవి ఏటవాలుగా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని అల్లుకుపోతాయి, వెనకవైపు అల్లిక లేకుండా పక్కపక్కనే పడుకుని ఉంటాయి. ముందు భాగం నేసిన గుడ్డ అనుకుంటే, వెనక భాగం మడతపెట్టి పేర్చిన గుడ్డ. దానం చేసిన కళ్ల మీద జరిపిన కొలతల్లో స్ట్రోమా ముందువైపు 40 శాతమే అన్నిటికన్నా గట్టిదని, వెనకవైపు 60 శాతం బలం అందులో సగానికి మించదని తేలింది. ఇది ఒకటి గుర్తుంటే తర్వాత చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి.

పద్ధతి ఏదైనా సైటు తగ్గేది స్ట్రోమాలో కొంత తీసేయడం వల్లే. తీసేసింది మళ్లీ పెరగదు. 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎక్సైమర్ లేజర్ చుట్టుపక్కల కాల్చకుండా కణజాలాన్ని పొర తర్వాత పొరగా తీయగలదని 1981లో అమెరికాలోని ఐబీఎం ప్రయోగశాలలో గుర్తించినవాళ్లలో రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. ఆయన చదివింది మన పక్కనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో. ఆ లేజర్ చేసే పని ఎంత కచ్చితమైనదంటే, తప్పు జరిగితే అది లేజర్‌ది అయ్యే అవకాశం తక్కువ. ఎంత తీయమన్నారు, ఎలాంటి కార్నియా నుంచి తీయమన్నారు అన్నచోటే తప్పు దొర్లుతుంది.

లాసిక్‌లో ముందు ఒక మూత కోస్తారు. ఆస్పత్రి భాషలో అది ఫ్లాప్. ఒకవైపు కీలులా వదిలేసి మిగతా చుట్టూ కోత, దాని పొడవు సుమారు 20 మిల్లీమీటర్లు. మూత తెరిచి, కింద ఎక్సైమర్‌తో స్ట్రోమా తీసి, మళ్లీ మూసేస్తారు. బ్లేడుతో కోసే పాత పద్ధతిలో మూత మందం 130 నుంచి 160 మైక్రాన్ల దాకా పోతుంది. పైగా అనుకున్న మందమే వస్తుందన్న హామీ లేదు, ఇరవై మైక్రాన్లు అటూ ఇటూ అవ్వచ్చు. కోత పెట్టడానికి వాడే ఫెమ్టో అనే మరో లేజర్‌తో కోస్తే 100 నుంచి 120 మధ్యలో, దాదాపు అడిగినంతే వస్తుంది. ఫెమ్టోకు ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలని అడిగేవాళ్లకు మా జవాబు ఇదే. బ్లేడు లేదన్న ధైర్యం కన్నా, మిగిలే మందం ముందే తెలియడం పెద్ద లాభం.

అసలు నష్టం ఆ మూత దగ్గరే ఉంది. మూసిన మూత చూడ్డానికి అతుక్కుపోయినట్టే ఉంటుంది, చూపు తేటగా ఉంటుంది, కానీ బలం తిరిగి రాదు. లాసిక్ అయిన కళ్లను దాతల మరణానంతరం పరీక్షించినప్పుడు మూత మధ్యభాగంలో అతుకు బలం మామూలు కార్నియాలో 2.4 శాతమే అని, అంచు దగ్గర మాత్రం మచ్చ కట్టి 28 శాతం దాకా ఉందని లెక్క తేలింది. అంటే మూతలో ఉన్న స్ట్రోమా, అదీ అన్నిటికన్నా గట్టిదైన ముందు భాగం, ఆ రోజు నుంచి బరువు మోయడం మానేసినట్టే. మూత కిందున్న మెత్తటి స్ట్రోమా ఒక్కటే కంటి ఒత్తిడిని మోస్తుంది.

అందుకే డాక్టర్లు కింద మిగిలేదాన్ని విడిగా లెక్కపెడతారు. మొత్తం మందంలోంచి మూత మందం, లేజర్ తీసేది, రెండూ తీసేస్తే మిగిలేది. ఇది 250 మైక్రాన్లకు తగ్గకూడదన్నది పాత గీత. ఇప్పుడు జాగ్రత్త ఉన్న సర్జన్లు 300 దగ్గర ఆగుతారు. రెండో లెక్క శాతంలో ఉంటుంది. మూత, లేజర్ తీసేది కలిపి మొత్తం మందంలో 40 శాతం దాటితే, స్కాన్ మామూలుగా ఉన్న కంటికి కూడా తర్వాత ఉబ్బే ప్రమాదం పెరుగుతుంది.

ఒక కన్ను తీసుకుని లెక్క వేద్దాం. మందం 520, సైటు మైనస్ 6. లేజర్ ఎంత తీస్తుందో తెలియాలంటే సరిచేసే వలయం వ్యాసాన్ని దానితోనే గుణించి, సైటుతో గుణించి, మూడుతో భాగించాలి. వలయం 6.5 మిల్లీమీటర్లయితే 42.25ను 6తో గుణిస్తే 253.5, మూడో వంతు 84.5. ఇది కనీసం, మిషన్‌ను బట్టి ఇంకాస్త పోతుంది. 85 అనుకుందాం. ఫెమ్టో మూత 110 అయితే కింద మిగిలేది 325, పోయింది 37.5 శాతం. గీతకు లోపలే ఉన్నాం. అదే కంటికి బ్లేడుతో 140 మూత కోస్తే మిగిలేది 295, పోయింది 43 శాతం పైమాట. సైటు అదే, మనిషి అదే, డాక్టరు అదే. మూత కోసే పద్ధతి ఒక్కటి మారితే కన్ను గీత దాటేసింది. తక్కువ ధర ప్యాకేజీ ఒప్పుకునే ముందు ఈ చిన్న లెక్క కాగితం మీద వేసి చూడాలి.

లెక్కలో చాలామంది మర్చిపోయేది సిలిండర్ పవర్, అంటే కంటి వంపు ఒక దిక్కున ఎక్కువ ఉండటం వల్ల వచ్చే సైటు. కళ్లద్దాల చీటీలో మైనస్ 4, పక్కన సిలిండర్ మైనస్ 2 ఉంటే లేజర్ దృష్టిలో అది నాలుగు కాదు, లోతైన చోట ఆరే. మా సైటు నాలుగే కదా అనుకుని వచ్చినవాళ్లకు మందం చాలదని చెప్తే నమ్మకం కలగదు, ఇంకో చోటికి వెళ్లిపోతారు. చీటీ చదివి వివరంగా చెప్పకపోవడం సేవలో లోపమే.

వలయాన్ని చిన్నది చేసి కూడా లెక్క సరిపెట్టొచ్చు. 6.5కు బదులు 6 మిల్లీమీటర్లు పెడితే ఇదే కంట్లో 85 కాస్తా 72 అవుతుంది. పదమూడు మైక్రాన్లు మిగిలాయి. కానీ చీకట్లో కంటిపాప 6 మిల్లీమీటర్ల కన్నా పెద్దదయ్యేవాళ్లకు వెలుతురు వలయం అంచు మీద పడి చెదురుతుంది. రాత్రిపూట పూతలపట్టు రోడ్డు మీద ఎదురొచ్చే లారీ లైట్ల చుట్టూ గుండ్రటి వెలుగులు కనబడటం అలాంటిదే. టాక్సీ నడిపేవాళ్లు, రాత్రి డ్యూటీ వాళ్లు ఈ సర్దుబాటుకు ఒప్పుకోకూడదు. చీకట్లో కంటిపాప ఎంత పెద్దదవుతుందో కొలిచారా, వలయం ఎంత పెడుతున్నారు అని అడగాలి.

స్మైల్ సంగతికొస్తే, ఇందులో మూత లేదు. ఫెమ్టో లేజర్ స్ట్రోమా లోపలే సన్నటి బిళ్లను గీస్తుంది, పక్కన 2 నుంచి 4 మిల్లీమీటర్ల చిన్న కోత పెట్టి ఆ బిళ్లను లాగేస్తారు. పైన 110 నుంచి 130 మైక్రాన్ల కప్పు అలాగే ఉంటుంది. ముందు భాగంలోని గట్టి పలకలు చాలావరకు తెగవు. 20 మిల్లీమీటర్ల కోతకూ 4 మిల్లీమీటర్ల కోతకూ ఉన్న తేడా బలంలోనూ, కంటి తడిలోనూ కనిపిస్తుంది, నరాలు తక్కువ తెగుతాయి కాబట్టి కళ్లు పొడిబారడం తక్కువ. అయితే ప్రచారంలో చెప్పని సంగతి ఒకటుంది. అదే సైటుకు స్మైల్ లాసిక్ కన్నా కాస్త ఎక్కువ స్ట్రోమా తీస్తుంది. బిళ్ల చిరక్కుండా చేతికి రావాలంటే అంచున కూడా 10, 15 మైక్రాన్ల మందం ఉండాలి. పైన చెప్పిన 520 కంట్లోనే బిళ్ల మందం 100 దాకా పోతుంది, కప్పు 120 పెడితే కింద మిగిలేది 300. పైన తెగని స్ట్రోమా మరో 60 దాకా తోడుంటుంది కాబట్టి బలం లెక్కలో లాసిక్ కన్నా మెరుగే. కానీ లేజర్‌కు పనికిరాని కార్నియాకు కూడా స్మైల్ చేయొచ్చన్న మాట నమ్మొద్దు. స్మైల్ తర్వాత ఉబ్బిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి, వాటిలో చాలావాటికి ముందు స్కాన్‌లోనే అనుమానం కనిపించింది.

పీఆర్‌కే అన్నిటికన్నా పాతది, మనుషులు అన్నిటికన్నా ఎక్కువ భయపడేది. పై ఎపిథీలియం తీసేసి నేరుగా స్ట్రోమా మీద లేజర్ పెడతారు. మూత లేదు, కప్పు లేదు. 520 కంట్లో 50 ఎపిథీలియం, 85 లేజర్, మొత్తం 135. మిగిలేది 385. ఎపిథీలియం నాలుగైదు రోజుల్లో తిరిగి పెరుగుతుంది. బోమన్ పొర, ముందువైపు గట్టి స్ట్రోమా కొంత పోయే మాట నిజమే, కానీ పోయేది లేజర్ తీసినంతే. మూత పేరుతో ఇంకో 110 మైక్రాన్లు ఊరికే చచ్చుబడవు. దీనికి కట్టాల్సిన మూల్యం మూడు నాలుగు రోజుల మంట, నీళ్లు కారడం, చూపు తేటపడటానికి వారాలు. ఎక్కువ సైటు వాళ్లకు స్ట్రోమా మీద తెల్లటి మసక రాకుండా 0.02 శాతం మైటోమైసిన్ అనే మందును కొన్ని సెకన్లు పెట్టి బాగా కడిగేస్తారు. తర్వాత స్టెరాయిడ్ చుక్కలు నెలల్లో చెప్పే లెక్క, తగ్గిస్తూ మానాలి.

బలం ఒక్కటే చూసి మార్కులు వేయమంటే పీఆర్‌కేకు పదికి తొమ్మిది, స్మైల్‌కు ఏడున్నర, ఫెమ్టో లాసిక్‌కు ఆరు, బ్లేడు లాసిక్‌కు నాలుగు వేస్తాం. సౌకర్యం చూస్తే వరుస ఇంచుమించు తిరగబడుతుంది, ధర మాత్రం స్మైల్‌కే ఎక్కువ. ప్రచురితమైన అధ్యయనాలన్నీ కూడి చూసినప్పుడు, తర్వాత కార్నియా ఉబ్బిన కేసులు లక్ష కళ్లకు లాసిక్‌లో సుమారు 90, పీఆర్‌కేలో 20, స్మైల్‌లో 11 అని వచ్చింది. స్మైల్ అంకె చూసి మురిసిపోవద్దు. దాని వయసు తక్కువ, ఉబ్బడం ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. మూడు అంకెలూ చిన్నవే, ఎవరినీ బెదిరించడానికి చెప్పడం లేదు. ఆ తొంభైలో ఎక్కువమంది ముందే ఏరివేయగలిగినవాళ్లు, మా బాధ అది.

ఏరివేసే పని స్కాన్ గదిలో జరుగుతుంది. ఈ సేవలో మేము ఎక్కువ మార్కులు పెట్టేదీ, ఎక్కువ మార్కులు కోసేదీ అక్కడే. కార్నియా ముందువైపు గీతలు మాత్రమే చూపే పాత టోపోగ్రఫీ చాలదు. సన్నటి అల్ట్రాసౌండ్ పెన్నుతో మధ్యలో మందం కొలిస్తే అసలే చాలదు. ముందు, వెనక రెండు వైపుల ఆకారం, చోటుచోటునా మందం చూపే పెంటాకామ్ లాంటి స్కాన్ కావాలి. కెరటోకోనస్ అనే జబ్బు, కార్నియా తనంతట తానే శంఖంలా పొడుచుకొచ్చేది, చాలాసార్లు వెనకవైపు మొదలవుతుంది. ముందువైపు ఇంకా నున్నగానే ఉంటుంది. ఆ దశలో కళ్లద్దాలతో 6/6 కనిపిస్తుంది, మనిషికి ఏ బాధా ఉండదు. అలాంటి కంటికి లేజర్ పెడితే జబ్బును తట్టి లేపినట్టే.

స్కాన్ కాగితం చేతికి వచ్చాక చూడాల్సినవి నాలుగైదే. అతి పలచటి చోటు మధ్యకు దగ్గర్లో ఉందా, కిందకీ పక్కకీ జరిగిందా. పటంలో కింది సగం పై సగం కన్నా ఎక్కువ వంపు తిరిగి ఎరుపెక్కిందా. ఈ తేడా 1.4 డయాప్టర్లు (సైటు కొలిచే పాయింట్లు) దాటితే అనుమానించాలి. కుడి కన్ను, ఎడమ కన్ను అద్దంలో ప్రతిబింబంలా ఉన్నాయా. పెంటాకామ్ కాగితం కింద డి అని ఒక అంకె ఉంటుంది, 1.6 దాటితే పసుపు, 2.6 దాటితే ఎరుపు. పసుపు వచ్చిందంటే జబ్బు ఉందని కాదు, ఆ రోజే లేజర్ తేదీ ఇవ్వకూడదని. మందం ఒక్కటి చూసి 550 ఉంది, ఢోకా లేదు అనేవాళ్లు ఉంటారు. మందంగా ఉండి బలహీనంగా ఉండే కార్నియాలు ఉన్నాయి, 490 ఉండి నిక్షేపంగా ఉండేవీ ఉన్నాయి.

నేరుగా బలాన్నే కొలిచే మిషన్ కోర్విస్. కంటి మీదకు చిన్న గాలి ఊది, కార్నియా లోపలికి నొక్కుకుని తిరిగి ఎలా వస్తుందో సెకనుకు 4,330 ఫొటోల వేగంతో తీస్తుంది. మెత్తటి కార్నియా తొందరగా, లోతుగా నొక్కుకుంటుంది. ఫలితం సున్నా నుంచి ఒకటి దాకా అంకెగా వస్తుంది, దానంతట అదే చూస్తే 0.5 దాటితే, పెంటాకామ్‌తో కలిపి చూస్తే 0.29 దాటితే సందేహించాలి. ప్రతి ఊళ్లో ఈ మిషన్ ఉండాలని పట్టుబట్టడం లేదు. స్కాన్ పచ్చగా, మందం బాగా, సైటు తక్కువగా ఉన్న పాతికేళ్ల మనిషికి ఇది లేకున్నా నష్టం లేదు. స్కాన్ పసుపులో ఉండి, అయినా లేజరే కావాలనుకుంటే మాత్రం ఈ పరీక్ష ఉన్న చోటికి వెళ్లి రావాలి. తిరుపతి నుంచి చెన్నై, చిత్తూరు నుంచి వెల్లూరు ఎంత దూరం? ఒక పూట ప్రయాణం.

స్కాన్ తప్పుగా రావడానికి అన్నిటికన్నా మామూలు కారణం కాంటాక్ట్ లెన్సు. లెన్సు కార్నియాను నొక్కి దాని వంపు మార్చేస్తుంది. మెత్తటి లెన్సు వాడేవాళ్లు కనీసం ఒకటి రెండు వారాలు, గట్టి లెన్సు వాడేవాళ్లు మూడు నాలుగు వారాలు మానేసి రావాలి. లెన్సు తీసి సంచిలో పెట్టుకుని అదే రోజు స్కాన్‌కు కూర్చుంటే ఆ కాగితానికి విలువ లేదు. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు ఫోన్లోనే ఈ మాట చెప్పే ఆస్పత్రికి మేము ఒక మార్కు అదనంగా ఇస్తాం.

రెండో ప్రశ్న కళ్లు నులుముకునే అలవాటు గురించి. ఎండాకాలం దుమ్ము, చిన్నప్పటి అలర్జీ, కళ్లు దురద, నిద్రలేవగానే పిడికిలితో నులమడం, ఇవన్నీ మన వైపు ఇంటింటా ఉన్నవే. కెరటోకోనస్‌కు నులమడమే పెద్ద తోడు. ఈ ప్రశ్న అడగకుండా, ఇంట్లో ఎవరికైనా కార్నియా జబ్బు ఉందా అని అడగకుండా తేదీ రాసిచ్చారంటే పరీక్ష సగమే జరిగినట్టు. వయసు కూడా లెక్కే. 18 నిండితే చాలంటారు గానీ, 21 లోపు కార్నియాలో జబ్బు ఇంకా బయటపడని వాళ్లుంటారు. ఏడాదిగా సైటు అర పాయింటుకు మించి మారలేదని పాత చీటీలు చూపించగలగాలి. గర్భం, బిడ్డకు పాలిచ్చే రోజుల్లో చేయించుకోవద్దు, హార్మోన్ల వల్ల సైటు, కార్నియా రెండూ మారుతుంటాయి.

వద్దు అని చెప్పడం కూడా ఈ సేవలో భాగమే, మా లెక్కలో గొప్ప భాగం. మందం 500, సైటు మైనస్ 8 ఉన్న కన్ను తీసుకోండి. లేజర్ తీసేది 113, మూత 110, మిగిలేది 277, పోయింది 44 శాతం పైన. ఇలాంటి కంటికి కార్నియాను ముట్టకుండా కంటిపాప వెనక లెన్సు అమర్చే ఐసీఎల్ నయం. ముందు గది, అంటే కార్నియాకూ కంట్లోని సహజ లెన్సుకూ మధ్య ఖాళీ, లోతు కనీసం 2.8 మిల్లీమీటర్లు ఉండాలి, కార్నియా లోపలివైపు కణాల సంఖ్య చాలాలి, ధర ఎక్కువ, కంటి లోపలి ఆపరేషన్ కాబట్టి దాని ప్రమాదాలు దానికున్నాయి. కానీ కార్నియా బలం ఇంచుమించు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. లేజర్ చేసి పైన క్రాస్‌లింకింగ్ చేస్తే సరిపోతుందని కొన్ని చోట్ల అదనపు ప్యాకేజీ చెబుతారు. రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పెట్టి పోగుల మధ్య బంధాలు గట్టిపరచడం మంచి చికిత్సే, కెరటోకోనస్ ముదరకుండా ఆపడానికి పుట్టింది. పనికిరాని కంటిని లేజర్‌కు పనికొచ్చేలా చేసే అనుమతిపత్రం మాత్రం కాదు.

ఉబ్బడం మొదలైతే ఎలా తెలుస్తుంది? పోయిన సైటు మళ్లీ వస్తుంది, అదీ సిలిండర్ రూపంలో. అక్షరం పక్కన నీడ అక్షరం కనబడుతుంది. అద్దాలు మార్చినా తేట రాదు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. కాస్త సైటు తిరిగొచ్చింది, ఉచితంగా ఇంకోసారి లేజర్ పెడతాం అంటారు. జీవితాంతం ఉచిత టచప్ అన్న ప్రకటన చూసి ఆశపడొద్దు, ప్రతి టచప్ మిగిలిన దాంట్లోంచే తీస్తుంది. రెండోసారి ముట్టే ముందు కొత్త స్కాన్ తీసి, పాత స్కాన్ పక్కన పెట్టి, మూత మందం ఓసీటీ (కాంతితో పొరలను విడివిడిగా చూపే స్కాన్)లో కొలిచి, ఉబ్బడం లేదని తేల్చుకోవాలి. ఉబ్బుతోందని తేలితే చేయాల్సింది క్రాస్‌లింకింగ్, అదీ త్వరగా. మామూలు పద్ధతిలో దానికి ఎపిథీలియం తీశాక 400 మైక్రాన్లు ఉండాలి. ఆలస్యమైతే ఆ మందం కూడా మిగలదు. చూపు కోసం తర్వాత గట్టి లెన్సో, తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లెరల్ లెన్సో, బాగా ముదిరితే కార్నియా మార్పిడి.

ఆపరేషన్ తర్వాతి జాగ్రత్తల కాగితం చాలా చోట్ల ఎక్కడో అచ్చేసింది ఇస్తారు, తిరుపతి మనిషికి కావాల్సినవి అందులో ఉండవు. మొదటి వారం తలస్నానం నీళ్లు కంట్లో పడకూడదు. కాబట్టి తలనీలాలు ఇచ్చే మొక్కు ఉంటే ఆపరేషన్‌కు ముందే తీర్చుకోండి, లేదా నెల ఆగండి. గుండు గీసేటప్పుడు తల మీంచి జారే నీళ్లు నేరుగా కళ్లలోకే వస్తాయి. పుష్కరిణి స్నానం, ఈత నెల దాకా వద్దు. మే నెలలో గంగ జాతర వేషానికి ముఖమంతా సుద్ద, బొగ్గు, కుంకుమ పూసుకునే మొక్కున్నవాళ్లు ఏప్రిల్‌లో లేజర్ పెట్టించుకోవద్దు. అది చెమటతో కరిగి కంట్లోకి దిగుతుంది, నులమకుండా ఉండటం ఎవరి వల్లా కాదు. రాత్రి పడుకునేటప్పుడు వారం పాటు కంటికి ప్లాస్టిక్ కవచం. లాసిక్ మూత ఏళ్ల తర్వాత కూడా దెబ్బకు జరిగిన సందర్భాలున్నాయి కాబట్టి కబడ్డీ, బాక్సింగ్ ఆడేవాళ్లకు మూత లేని పద్ధతే సరి. పీఆర్‌కే చేయించుకున్నవాళ్లు ఎండలో మూడు నాలుగు నెలలు నల్లద్దాలు లేకుండా తిరగొద్దు, మసక రావడానికి ఎండ ఒక కారణం.

చుక్కల మందు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే కన్ను హాయిగా ఉంటుంది, అందుకని సీసా అయిపోగానే మెడికల్ షాపులో అదే కొనుక్కుని నెలల తరబడి వేసుకుంటారు. కొందరికి వాటితో కంటి ఒత్తిడి పెరుగుతుంది. పైగా లేజర్ తర్వాత పలచబడిన కార్నియా మీద ఒత్తిడి కొలిస్తే మిషన్ తక్కువ చూపిస్తుంది. 22 ఉన్నది 17గా కనబడి, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా వేళ్లూనుకుని ఉన్నా తెలియకుండా పోవచ్చు. పెరిగిన ఒత్తిడి బలహీనపడిన కార్నియాను కూడా ముందుకు నెడుతుంది. మందుల చీటీలో ఏ తేదీన ఎన్నిసార్లు, ఏ తేదీన బంద్ అని రాయించుకోండి.

ఉద్యోగం కోసం చేయించుకునేవాళ్లు ముందు నోటిఫికేషన్ చదవాలి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు లాసిక్ లాంటి సైటు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అనర్హులు. రేణిగుంట చుట్టుపక్కల ఆ పరీక్షకు చదివే పిల్లలు అద్దాలు పోతే ఉద్యోగం వస్తుందనుకుని డబ్బు పోసి ఆ దారి మూసుకుంటున్నారు. వైమానిక దళం నిబంధనల్లో ఆపరేషన్ 20 ఏళ్లు నిండాకే జరిగి ఉండాలని, ఏడాది గడిచి ఉండాలని, ఆపరేషన్ తర్వాత కార్నియా మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదని ఉంటుంది. మన 520 కంటికి 85 తీస్తే 435. చూపు 6/6 ఉన్నా మెడికల్‌లో పోతారు. ఏ ఏటికా ఏడు నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ సంవత్సరపు కాగితమే చూడాలి. ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకునేవాళ్లకు, సైటు 7.5 డయాప్టర్ల లోపు ఉంటే ఆరోగ్య బీమా పాలసీల్లో ఈ ఖర్చు మినహాయింపుల జాబితాలో ఉంటుంది.

మొత్తం మీద మా అంచనా ఇది. లేజర్ గదిలో జరిగే పదిహేను నిమిషాల పనికి తొమ్మిది మార్కులు వేయడానికి సందేహం లేదు. దానికి ముందు జరగాల్సిన రెండు మూడు గంటల పరీక్షకు ఒక్కో చోట ఒక్కోలా మార్కులు పడతాయి. కౌన్సెలర్ ధరల కాగితం ముందు పెట్టి, స్కాన్ కాగితం ఫైల్లోనే ఉంచేసుకునే చోట నాలుగుకు మించి వేయలేం. స్కాన్ మీద వేలు పెట్టి చూపి, మూత ఎంత, తీసేది ఎంత, మిగిలేది ఎంత అని పెన్నుతో రాసిచ్చే డాక్టరు ఉన్న చోట ఎనిమిది.

ఇంటికి వచ్చేటప్పుడు తెచ్చుకోవాల్సిన కాగితాలు: ఆపరేషన్‌కు ముందు స్కాన్ రెండు కళ్లదీ, అప్పటి సైటు చీటీ, లేజర్ మిషన్ ఇచ్చే రిపోర్టు. అందులో మూత లేదా కప్పు మందం, వలయం, తీసిన లోతు ఉంటాయి. అరవై ఏళ్లప్పుడు శుక్లాల ఆపరేషన్‌లో లెన్సు పవర్ లెక్కకు ఇవి బాగా పనికొస్తాయి, లేజర్ అయిన కార్నియా మీద మామూలు లెక్క తప్పుతుంది. ఆధార్ కార్డు జిరాక్సులతో పాటు అదే కవర్లో పెట్టి, ఫోన్లో కూడా ఫొటో తీసి ఉంచుకోండి. ఆపరేషన్ అయిన ఆరు నెలలకు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి అదే రకం మిషన్ మీద మళ్లీ స్కాన్ తీయించుకోవాలి. వేరే కంపెనీ మిషన్ మీద తీసిన అంకెలు పాతవాటితో పోల్చడానికి కుదరవు.